ఏ నొప్పి ఇది?

పదిహేనో ఏట మొదలైన నా నొప్పికి ఇరవై ఆరో ఏట ఎండోమెట్రియోసిస్ అన్న పేరు దొరికింది. ఆ పదకొండేళ్లూ దాన్ని ‘నెలసరి నొప్పి’ అన్న ఒక్క మాటతోనే చెప్పుకుంటూ వచ్చాను. విన్నవాళ్లు కూడా ఆ ఒక్క మాటకే సమాధానం చెబుతూ వచ్చారు. అందరికీ ఉండేదే అన్నారు, వయసు పెరిగితే తగ్గుతుందన్నారు, పిల్లలు పుడితే అదే సర్దుకుంటుందన్నారు. తనకూ అలాగే ఉండేదనీ, తానూ ఓర్చుకున్నాననీ అమ్మ చెప్పేది. తల్లికో అక్కచెల్లెళ్లకో ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అమ్మ ఓర్చుకున్నది నిజంగా అందరికీ ఉండేదేనా అన్న అనుమానం నన్ను ఇప్పటికీ వదలలేదు.

నేను కలిసిన మూడో గైనకాలజిస్టు మొదటి రోజు కొత్త మందేమీ రాయలేదు. నా మాటను మధ్యలో ఆపి, “ఏ నొప్పి గురించి చెబుతున్నారమ్మా?” అని అడిగారు. నాకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. నొప్పి నొప్పే కదా అనుకున్నాను. ఆవిడ ఒక తెల్లకాగితం తీసుకుని నిలువుగా గీతలు గీసి, ఒక్కో గడి పైన ఒక్కో మాట రాశారు: నెలసరి నొప్పి, మలవిసర్జనప్పుడు నొప్పి, మూత్రానికి వెళ్లినప్పుడు నొప్పి, కలయికలో నొప్పి, ఇవేవీ లేని మామూలు రోజుల్లో నొప్పి. రోజూ రాత్రి ప్రతి గడిలోనూ సున్నా నుంచి పది దాకా ఒక అంకె వేయమనీ, రక్తస్రావం ఉన్న రోజుల కింద గీత గీయమనీ, వేసుకున్న మాత్ర పేరూ వేసుకున్న వేళా పక్కన రాయమనీ చెప్పారు. స్కానింగుకు చీటీ రాసిచ్చి, నేను అప్పటికే వాడుతున్న నొప్పి మాత్రలను వేసుకునే పద్ధతిని మార్చి, మూడు నెలల తర్వాత రమ్మన్నారు.

మూడు నెలల కాగితాలను వరసగా పరిచి చూసుకున్నప్పుడు, ఇన్నేళ్లూ ఒక్కటే అనుకున్న నొప్పి ఒక్కటి కాదని నాకే కనిపించింది. నెలసరి గడిలో అంకెలు రక్తస్రావానికి ఒక రోజు ముందు లేచి మూడో రోజుకు దిగేవి. మలవిసర్జన గడిలో నెలంతా సున్నాలే. రక్తస్రావం ఎక్కువగా ఉన్న రెండు రోజులు మాత్రం ఎనిమిదీ తొమ్మిదీ. మూత్రం గడి దాదాపు ఖాళీగా ఉండేది. చివరి గడి మాత్రం నెల పొడవునా మూడు, నాలుగు, మూడు, నాలుగు అంటూ సాగింది. కుడి తుంటి లోపల ఏదో పట్టి లాగుతున్నట్టుండే నొప్పి అది. కూర్చుని పనిచేయడం వల్ల వచ్చిందనుకుని దాని గురించి అంతవరకు ఏ డాక్టరుకూ చెప్పలేదు. ఇక కలయిక గడి సంగతి నోటితో చెప్పడానికి సిగ్గు అడ్డొచ్చేది గానీ, కాగితం మీద అంకె వేయడానికి అంత సిగ్గు అనిపించలేదు. నోరు తెరిచి చెప్పలేని మాటను డాక్టరు ముందు పెట్టడానికి ఇంతకన్నా మంచి దారి నాకు ఇంకా కనబడలేదు.

గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట పెరగడాన్ని ఎండోమెట్రియోసిస్ అంటారు. అండాశయాల మీద, గర్భాశయాన్ని వెనక నుంచి పట్టి ఉంచే లిగమెంట్ల మీద, పొత్తికడుపు లోపలి పొర మీద, పేగు మీద, మూత్రాశయం మీద, అరుదుగా ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ మీద కూడా అది పెరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పునరుత్పత్తి వయసులో ఉన్న ఆడవారిలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. నెలసరి రక్తంలో కొంత ఫెలోపియన్ నాళాల గుండా వెనక్కి, పొత్తికడుపులోకి పోయి అక్కడ నాటుకోవడం వల్ల ఇది వస్తుందని అమెరికా వైద్యుడు జాన్ సాంప్సన్ 1927లో ప్రతిపాదించారు. రక్తం అలా వెనక్కి పోవడం చాలామందిలో జరిగేదే, కానీ అందరిలోనూ అది నాటుకోదు. అందుకే రోగనిరోధక వ్యవస్థకూ, వంశపారంపర్యానికీ, హార్మోన్లకూ కూడా ఇందులో భాగం ఉందని ఇప్పుడు భావిస్తున్నారు. నొప్పి వైపు నుంచి చూస్తే తెలుసుకోవలసింది ఏమిటంటే, ఇలా బయట పెరిగిన మచ్చలు ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ అందితే పెరుగుతాయి, కొంత ఈస్ట్రోజన్‌ను అవే తయారుచేసుకుంటాయి కూడా. చుట్టూ వాపు పుట్టిస్తాయి, కొత్త నరాల పోగులను తమలోకి రప్పించుకుంటాయి, విడివిడిగా కదలవలసిన అవయవాలను ఒకదానికొకటి అతికిస్తాయి. నా కాగితం మీద ఒక్కో గడికీ ఒక్కో కారణం ఉండటానికి మూలం ఇదే.

ఈ జబ్బును ఒకటి నుంచి నాలుగు దాకా దశలుగా లెక్కిస్తారు. ఆ లెక్క మచ్చలు ఎంతమేర ఉన్నాయి, అతుకులు ఎంత గట్టిగా ఉన్నాయి అన్నదానికి సంబంధించినది. నొప్పికీ దానికీ పొంతన లేదు. మొదటి దశలోనే మంచం పట్టేవారున్నారు. పిల్లలు కలగడం లేదని పరీక్షలకు వెళ్తే తప్ప నాలుగో దశ ఉన్నట్టే తెలియనివారూ ఉన్నారు. “మొదటి దశే కదా” అని ఎవరైనా ఎవరితోనైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అంతకు రెండేళ్ల ముందు పొట్ట మీద నుంచి చేసిన నా మొదటి స్కానింగులో అంతా మామూలుగానే ఉందని రాశారు. ఈసారి స్కానింగును ఈ జబ్బు గురించి ప్రత్యేకంగా నేర్చుకున్న ఒక రేడియాలజిస్టు యోని ద్వారా చేశారు. ప్రోబును నెమ్మదిగా నొక్కుతూ, వదులుతూ, నన్ను కూడా తెర వైపు చూడమన్నారు. నొక్కినప్పుడల్లా కుడి అండాశయం కొద్దిగా పక్కకు జరిగింది. ఎడమది జరగలేదు, గర్భాశయం వెనక అతుక్కుని ఉన్నచోటనే ఉండిపోయింది. దాని లోపల నాలుగు సెంటీమీటర్ల సిస్టు, అంటే ద్రవం నిండిన తిత్తి, గరుకు అద్దం వెనక నుంచి చూసినట్టు ఒకే తీరు మసకతో కనిపించింది. లోపలి పాత రక్తం చిక్కబడి ముదురు గోధుమరంగుకు తిరుగుతుంది కాబట్టి దాన్ని చాక్లెట్ సిస్టు అంటారు. రెండు నిమిషాల పాటు ఆ కదలని అండాశయాన్నే చూస్తూ ఉండిపోయాను. నా నొప్పి ఓర్పు తక్కువ కావడం వల్ల కాదని చెప్పే సాక్ష్యం నాకు అప్పటిదాకా దొరకలేదు.

అయితే స్కానింగులో ఏమీ కనిపించకపోయినంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. పొత్తికడుపు పొర మీద పల్చగా పరుచుకున్న మచ్చలు మంచి స్కానింగులో గానీ ఎమ్మారైలో గానీ తరచుగా కనబడవు. ఒకప్పుడు ల్యాపరోస్కోపీ చేసి, అంటే పొట్ట మీద చిన్న రంధ్రం గుండా కెమెరా పంపి, కంటితో చూస్తే తప్ప జబ్బును నిర్ధారించేవారు కాదు. మానవ పునరుత్పత్తి రంగంలోని యూరోపియన్ వైద్యుల సంఘం ఎష్రే 2022లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఆ పద్ధతిని మార్చాయి. లక్షణాలను బట్టి మందులు మొదలుపెట్టవచ్చనీ, స్కానింగులో ఏమీ తేలనప్పుడో, మందులు పనిచేయనప్పుడో, అవి వాడటానికి వీల్లేనప్పుడో ల్యాపరోస్కోపీ గురించి ఆలోచించవచ్చనీ అవి చెబుతున్నాయి. అండాశయ క్యాన్సర్ అనుమానంలోనూ చేసే సీఏ-125 అనే రక్తపరీక్షతో ఈ జబ్బును తేల్చలేరు. అది ఎండోమెట్రియోసిస్‌లోనూ, ఫైబ్రాయిడ్లు అనే గర్భాశయపు గడ్డలు ఉన్నప్పుడూ, నెలసరి రోజుల్లోనూ పెరుగుతుంది. అంతకుముందు ఎవరో నాకు ఆ పరీక్ష రాస్తే, ఫలితంలో అంకె ఎక్కువగా ఉందని చూసుకుని క్యాన్సరేమోనని రెండు రాత్రులు నిద్రపోలేదు.

ఇక మందులు. నొప్పి మాత్ర అందరికీ తెలిసిందే కదా అని దాన్ని దాటేయాలనిపిస్తుంది గానీ, నాకు మొదట తేడా తెలిసింది అక్కడే. నేను ఎప్పుడూ నొప్పి భరించలేనంత పెరిగాకే మాత్ర వేసుకునేదాన్ని, ఎంత తక్కువ వాడితే అంత మంచిదన్న ఆలోచనతో. ఐబూప్రొఫెన్, నాప్రాక్సెన్, మెఫెనమిక్ ఆమ్లం వంటి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారుకాకుండా అడ్డుకుంటాయి. గర్భాశయాన్ని బిగపట్టేవీ, చుట్టూ వాపు పెంచేవీ ఈ రసాయనాలే. అవి అప్పటికే పోగుపడ్డాక మాత్ర వేసుకుంటే, ఉన్నవాటిని అది తీసేయలేదు. అందుకే నెలసరి ఇంకా మొదలుకాకముందే, దాని సూచన తెలియగానే మొదలుపెట్టి, మొదటి రెండు రోజులూ డాక్టరు చెప్పిన వ్యవధి ప్రకారం, కడుపు ఖాళీగా లేకుండా చూసుకుని వేసుకోమన్నారు. మొదటి నెలలోనే నెలసరి గడిలోని తొమ్మిది ఆరుకు దిగింది. మాత్ర అదే, మోతాదూ అదే. మారింది వేళ ఒక్కటే. ఇవి అందరికీ సరిపడవు: కడుపులో పుండ్లు, మూత్రపిండాల సమస్య, కొన్ని రకాల ఆస్తమా ఉన్నవారు డాక్టరును అడగకుండా వీటి జోలికి వెళ్లకూడదు.

అయితే మలవిసర్జన గడి మాత్రం కదల్లేదు. నొప్పి మాత్ర జబ్బు పెరగకుండా ఆపలేదు, ఆ పని హార్మోన్లతోనే చేయించాలి. సాధారణంగా మొదట చెప్పేది రెండు హార్మోన్లు కలిసిన గర్భనిరోధక మాత్రను విరామం లేకుండా వాడటం. నెలసరే రాకపోతే నెలనెలా వచ్చే ఆ మంటా ఉండదన్నది అందులోని ఆలోచన. నాకు తలనొప్పికి ముందు కళ్ల ముందు మెరుపుల్లా కనిపించే మైగ్రేన్ ఉందని తెలియగానే డాక్టరు గారు దాన్ని పక్కన పెట్టేశారు. ఆ రకం మైగ్రేన్ ఉన్నవారు ఈస్ట్రోజన్ కలిసిన మాత్ర వాడితే పక్షవాతం వచ్చే ప్రమాదం పెరుగుతుంది. మామూలు తలనొప్పే కదా అని నేను ఆ మాట దాదాపు చెప్పనే లేదు; అడిగారు కాబట్టి చెప్పాను. ఆ మాత్ర రాయించుకోబోతున్నవారు తమ తలనొప్పి సంగతి తప్పకుండా చెప్పాలి.

నాకు రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ మొదలుపెట్టారు. ఇందులో ఈస్ట్రోజన్ ఉండదు. ఇది ప్రొజెస్టిరోన్ తరహా మందు. మొదటి నాలుగు నెలలూ నాకు చాలా విసుగు తెప్పించాయి. నెలసరి ఆగుతుందని ఎదురుచూస్తే, రోజూ కొద్దికొద్దిగా రక్తం కనబడుతూనే ఉండేది. చిన్న మాటకే కళ్లలో నీళ్లు తిరిగేవి. మందు పడలేదని ఆపేయాలనుకున్నాను. మొదటి నెలల్లో ఇలా జరగడం మామూలేననీ, మనసు బాగా కుంగినట్టు అనిపిస్తే మాత్రం వెంటనే ఫోన్ చేయమనీ చెప్పారు. ఐదో నెలకు రక్తం ఆగింది, నెలసరి గడి రెండుకు దిగింది. ఇదే కోవలో నోరెథిస్టిరోన్ మాత్రలు, మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షను, గర్భాశయంలో అమర్చే లెవోనార్‌జెస్ట్రెల్ సాధనం కూడా ఉన్నాయి. ఒకటి పడకపోతే మరొకటి పడవచ్చు కాబట్టి, ఒక మందు పనిచేయనంత మాత్రాన హార్మోన్లేవీ పనిచేయవనుకోవడం తొందరపాటు.

అంతకన్నా బలమైనవి, ఈస్ట్రోజన్‌ను బాగా తగ్గించి మెనోపాజ్ లాంటి స్థితిని తెచ్చేవి కూడా ఉన్నాయి. లూప్రోలైడ్, గోసెరెలిన్ ఇంజెక్షన్లు ఈ రకమే. మొదటి రోజుల్లో లక్షణాలు కొంత పెరిగి, తర్వాత తగ్గుతాయి. వేడి ఆవిర్లు వస్తాయి, ఎముకలు పలచబడతాయి. అందుకే వాటితో పాటు కొద్ది మోతాదులో హార్మోన్లను తిరిగి ఇస్తారు. నోటి ద్వారా వేసుకునే ఎలాగోలిక్స్‌కు 2018లోనూ, రెలుగోలిక్స్‌ను రెండు హార్మోన్లతో కలిపి చేసిన మాత్రకు 2022లోనూ ఈ నొప్పికి వాడటానికి అమెరికాలో అనుమతి వచ్చింది. నేను వీటిని వాడలేదు కాబట్టి ఇంతకు మించి చెప్పను.

డైనోజెస్ట్ మొదలుపెట్టిన ఏడాదికి కూడా మలవిసర్జన గడి ఆరు, ఏడు దగ్గరే ఆగింది. పేగుకూ గర్భాశయానికీ మధ్య గట్టిపడిన మచ్చ ఉందని ఎమ్మారైలో తేలింది. అప్పుడు ఆపరేషన్ మాట వచ్చింది. చేసే సర్జను ఎవరన్నది ఇందులో చాలా ముఖ్యం. పైపైన కనిపించే మచ్చను కాల్చడం ఒక పని, లోతుగా పాతుకున్న మచ్చను మూత్రనాళానికీ పేగుకూ దెబ్బ తగలకుండా మొదలంటా కోసి తీయడం మరో పని. ఇలాంటి ఆపరేషన్లు ఎన్ని చేశారు, పేగు విషయంలో అవసరమైతే పక్కన ఎవరుంటారు, మళ్లీ రాకుండా తర్వాత ఏం ఇస్తారు అని నేను అడిగాను. సిస్టు సంగతి ఆయనే ముందుగా చెప్పారు: అందులోని ద్రవాన్ని లాగేసి వదిలేస్తే మళ్లీ నిండుతుంది, గోడతో సహా తీస్తే తిరిగి వచ్చే అవకాశం తగ్గుతుంది కానీ, దాంతో పాటు కొంత మంచి అండాశయమూ పోతుంది, అండాల నిల్వ తగ్గుతుంది. అందుకని ముందుగా ఆ నిల్వను అంచనా వేసే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించి, పిల్లల గురించి నా ఆలోచన ఏమిటో అడిగి, ఆ తర్వాతే తేదీ రాశారు.

మెలకువ వచ్చేసరికి పొట్ట కన్నా భుజం ఎక్కువ నొప్పెట్టింది. భయపడి నర్సును పిలిస్తే, ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన గ్యాసు కొంత మిగిలి డయాఫ్రమ్‌ను రాపిడి చేస్తుందనీ, అక్కడి నొప్పి భుజంలో తెలుస్తుందనీ, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గుతుందనీ చెప్పింది. రెండు రోజుల్లో తగ్గింది. పేగును కోయకుండా, దాని పైన ఉన్న గట్టి మచ్చను చెక్కినట్టు తీశారు. ఎడమ అండాశయాన్ని విడిపించి సిస్టును తీశారు. ఆపరేషన్ తర్వాత కూడా డైనోజెస్ట్ కొనసాగించారు, ఎందుకంటే హార్మోన్లు ఆపేస్తే జబ్బు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. మూడు నెలలకు మలవిసర్జన గడిలో తొలిసారి ఒకటి వేశాను.

తుంటి నొప్పి మాత్రం అలాగే ఉంది. మూడు, నాలుగు, మూడు, నాలుగు. అంత ఆపరేషన్ చేయించుకుని ఇంకా నొప్పి ఉందని చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు; ఆ రోజు కూడా కాగితాన్నే ముందు పెట్టాను. డాక్టరు గారు దాన్ని చూసి, “ఇది మచ్చల నొప్పి కాదు, కండరం” అని పొత్తికడుపు అడుగున ఉండే కటి కండరాల మీద పనిచేసే ఒక ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ నా అనుమతి అడిగి, చేతికి గ్లౌజు వేసుకుని, యోని లోపలి నుంచి కుడి పక్క గోడ మీద ఒక వేలితో మెల్లగా నొక్కి, “ఇదేనా?” అన్నారు. అదే. ఏళ్ల తరబడి కుర్చీదనుకున్న నొప్పి అంతా ఆ వేలి కింద ఉంది. నెలనెలా నొప్పికి ముడుచుకుని ముడుచుకుని, నొప్పి లేని రోజుల్లో కూడా వదులు కావడం మర్చిపోయిన కండరం అది. కటి కండరాలకు మంచివని చెప్పే, వాటిని బిగించి వదిలే కీగెల్ వ్యాయామాలను నేను అప్పటికే సొంతంగా చేస్తున్నాను. బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తున్నానని అప్పుడు తెలిసింది. ఆవిడ వాటిని మాన్పించి, వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్ట వైపు తెచ్చుకుని, ఊపిరి పొట్ట అడుగు దాకా తీసుకుంటూ కింది కండరాలను వదిలేయడం నేర్పించారు. వదిలేయడం ఇంత కష్టమని నాకు తెలియదు. మొదటి వారమంతా ఏ కండరాన్ని వదలాలో కూడా తెలియలేదు. నాలుగు నెలలకు చివరి గడి ఒకటికి వచ్చింది, కలయిక గడి కూడా దానితోనే దిగింది.

ఏళ్ల తరబడి నొప్పి ఉన్నవారిలో వెన్నుపాము, మెదడు నొప్పి సంకేతాలను పెంచి వినడం మొదలుపెడతాయి; మచ్చ తీసేసినా నొప్పి మిగలడానికి ఇదీ ఒక కారణం. అలాంటివారికి రాత్రి పూట డిప్రెషన్‌కు కూడా వాడే అమిట్రిప్టిలీన్‌ను కొద్ది మోతాదులో ఇస్తుంటారు. మానసిక సమస్య అనుకుని ఇచ్చారని దాన్ని చూసి బాధపడనవసరం లేదు, నరాల నొప్పికి అది పాత మందే. నరాల నొప్పికే ఇచ్చే మరో మందు గాబాపెంటిన్ విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండటం మంచిది: ల్యాపరోస్కోపీలో ఏమీ కనిపించని దీర్ఘకాలిక కటి నొప్పి ఉన్న ఆడవారి మీద బ్రిటన్‌లో జరిగి, 2020లో ప్రచురితమైన పెద్ద పరిశోధనలో అది ఉత్తుత్తి మాత్ర కన్నా ఎక్కువ పనిచేయలేదని, దుష్ప్రభావాలు మాత్రం ఎక్కువయ్యాయని తేలింది.

వేడినీళ్ల సంచితో కాపడం ఇప్పటికీ వాడతాను. చర్మం మీద అతికించుకుంటే సన్నని విద్యుత్తును పంపే టెన్స్ పరికరం కూడా కొంత పనిచేస్తుంది. ఇది తినండి, అది మానండి అనే సలహాలకు గట్టి ఆధారాలు తక్కువ. పిల్లల్ని కంటే జబ్బు పోతుందన్న మాట నిజం కాదు. జబ్బు తగ్గడం కోసమే గర్భం దాల్చమని సలహా ఇవ్వకూడదని ఎష్రే మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. గర్భసంచి తీసేస్తే అంతా అయిపోతుందన్నది కూడా హామీ ఇవ్వలేని మాటే, ఎందుకంటే జబ్బు ఉన్నది దాని బయట.

ఆపరేషనై మూడేళ్లు దాటింది. గత నెలలో చివరి గడిలో రెండు రోజులు ఐదు పడింది. ఆ వారం పని ఎక్కువై గంటల తరబడి కదలకుండా కూర్చున్నాను, వ్యాయామం మానేశాను. మలవిసర్జన గడి రెండు దాటలేదు. వచ్చే నెల స్కానింగు ఉంది. ఎడమ అండాశయాన్ని నొక్కి, అది జరుగుతోందో లేదో నాకూ చూపించమని అడగాలని కాగితం వెనక రాసి పెట్టుకున్నాను.